చారల చేపల వెనకాలే

ప్లమ్ ఐలండ్, మసాచుసెట్స్
సెప్టెంబరు 27, 1995

ఎల్‌వుడ్ గారికి,

మీ పడవల షెడ్డు ముందు బండి ఆపి, రెండు రోజుల్లో వచ్చేస్తానని చెప్పాను కదా. ఆ రెండు రోజులూ అయిపోయాయి. మీరు కంగారు పడకముందే చెబుతున్నాను. బండి చెడిపోలేదు, నాకు జ్వరమూ రాలేదు. చేపలు కదిలాయి, అంతే.

ఆదివారం దాకా మన కెన్నెబెక్ నది సముద్రంలో కలిసేచోటే ఉన్నాయి. ఆ రోజు వాయవ్యపు గాలి తిరిగింది. సోమవారం పొద్దున వెళ్లి చూస్తే నీళ్లు ఖాళీ. వేసవంతా మన కళ్ల ముందు తిరిగిన చారల చేపలు, గుడారం పీకేసిన సర్కసులాగా, చెప్పాపెట్టకుండా పోయాయి. ఏటా పోతాయి. ఏటా నేను ఒడ్డున నిలబడి చూసి ఇంటికెళ్లి, నేను పనిచేసే వేసవి కుటీరాల దుప్పట్లు ఉతికి మడతపెట్టుకునేదాన్ని. ఈసారి ఎందుకో బండి ఎక్కేశాను.

ఇక్కడ నది సముద్రంలో కలిసేచోట దొరికాయి. ఒడ్డు పొడుగునా మగవాళ్లు బరువైన గాలపు కర్రలు, బకెట్లలో ముక్కలు కోసిన ఎర పెట్టుకుని నిలబడ్డారు. నేను నా సన్నకర్ర తీసి, నడుముకి బుట్ట కట్టుకుని, దారం అందులో చుట్టలు చుట్టలుగా వదులుకుంటూ ముల్లుకి ఈకలు కట్టి చేసిన ఎర విసురుతుంటే ఒకాయన, "ఏమ్మా, ఆ ఈకలతో చేపకి చక్కిలిగిలి పెడతావా?" అన్నాడు. ఆటు నీరు బలంగా లాగుతోంది. నాలుగోసారి విసిరినప్పుడు చక్కిలిగిలి తగిలింది. చేపని గట్టుకి తెచ్చి, ముల్లు తీసి వదిలేశాను. అంత పెద్దదాన్ని వదిలేసినందుకు ఆయన నన్ను తిట్టాడు. తర్వాత వచ్చి ఆ ఎర దేంతో కట్టానని అడిగాడు. జింక తోక వెంట్రుకలు, మా అన్నయ్య కోడిపుంజు మెడ ఈకలు అని చెప్పాను.

ఆదివారానికి వచ్చేస్తాను. పాస్టరుగారు మన పెళ్లికి ఏ పాటలు కావాలని అడిగితే మీకు నచ్చినవే చెప్పండి. ఒకవేళ ఇక్కణ్ణించి కదిలితే చాతమ్ పోస్టాఫీసులో ఉత్తరాలేమన్నా వచ్చాయా అని అడుగుతాను. ఏమన్నా రాయాలంటే అక్కడికి రాయండి.

వెర్నా

*

ఫిప్స్‌బర్గ్, మెయిన్
అక్టోబరు 2

వెర్నాకు,

నువ్వు చెప్పిన ఆదివారం వచ్చింది, పోయింది. ఆదివారానికి వచ్చే మనిషి చాతమ్ చిరునామా ఎందుకిచ్చిందని మీ అన్నయ్య డ్వైట్ అడిగాడు. చేపలు ఎటు పోతాయో ఎవరికి తెలుసు అన్నాను. డ్వైట్ నా వంక అదోలా చూశాడు.

ఇక్కడ పని జరుగుతోంది. వంటింట్లో పాత బల్ల పీకేశాను. నా భార్య మార్జరీ పొట్టి మనిషి కాబట్టి, ఆమె బతికుండగా ఆ బల్ల ఆమె ఎత్తుకి వేశాను. దాని ముందు నిలబడితే నీ నడుము పట్టేస్తుంది. కొత్తది ఎంత ఎత్తు పెట్టాలో చెప్పు. నువ్వు నిటారుగా నిలబడి, మోచేయి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలిచి రాస్తే చాలు. నీ ఈకలు, ముళ్లు కట్టుకోవడానికి ఉత్తరం కిటికీ దగ్గర ఇంకో చిన్న బల్ల వేస్తున్నాను. ఎండ కళ్లలో పడదు.

నీ వదిన ఇనేజ్ పెళ్లి గౌను టాకాలు వేసి పెట్టింది, నువ్వొచ్చి తొడిగి చూడాలట. పద్నాలుగో తేదీ దగ్గర పడుతోందని నాకు గుర్తు చేస్తోంది, నేనేదో మర్చిపోయినట్టు. పాటల సంగతి అడగడానికి పాస్టరు రెండుసార్లు వచ్చాడు. నాకు పాటలు తెలియవు. నువ్వే చెప్పాలి.

చలి మొదలైంది. బండిలో పడుకుంటున్నావేమో, హీటరు వేసుకుంటే అద్దం కాస్త దించి పడుకో.

ఎల్‌వుడ్

*

చాతమ్, కేప్ కాడ్
అక్టోబరు 6

ఎల్‌వుడ్ గారికి,

మీ ఉత్తరం నిన్న పోస్టాఫీసు మెట్ల మీదే చదివాను. చదివి జేబులో పెట్టుకుని తిన్నగా నీళ్ల దగ్గరికి పోయాను.

ఇవాళ తెల్లవారుతూనే చూసింది మీకు చెప్పాలి. ఇసుకతిన్నెల అవతల సముద్రం నున్నగా ఉంది. అంతలో ఒకచోట వాన పడుతున్నట్టు చిటపటలు. వాన కాదు, వేలి పొడుగు చేపపిల్లలు ప్రాణభయంతో నీళ్ల మీదికి ఎగురుతున్నాయి. వాటి కింద నీరు ఒక్కసారి చీలింది. చారలు, తోకలు, నురగ, పైనుంచి గుంపులుగా దూకే పక్షుల గోల. నేను రొమ్ము దాకా వచ్చే రబ్బరు ప్యాంటుతో నడుము లోతులో నిలబడి ఉన్నాను, చేపలు నా కాళ్లకి రాసుకుంటూ పోయాయి. తొందరలో దారం ముడి పడింది. ముడి విప్పి తలెత్తేసరికి ఆ గోలంతా పావుమైలు దక్షిణాన ఉంది. బుట్ట పట్టుకుని ఒడ్డు వెంబడి పరిగెత్తాను. అందుకునేసరికి మళ్లీ ముందుకి పోయాయి. నలభై తొమ్మిదేళ్ల ఆడది రబ్బరు ప్యాంటుతో ఇసకలో పరిగెత్తడం చూసి కుక్కని తిప్పుకునే ఒక పెద్దమనిషి ఆగిపోయాడు.

పొద్దంతా అదే వరస. ఒకచోట కూర్చుని కాఫీ తాగుదామంటే కప్పు చేతిలో ఉండగానే కాళ్లు లేస్తున్నాయి. గాలి ఏ మాత్రం మారినా, ఇక్కడ ఉండకూడదు, అవి ముందుకి వెళ్లిపోతున్నాయి అనిపిస్తోంది.

గౌనుకి నా పాత నీలం స్కర్టు కొలతలు సరిపోతాయని ఇనేజ్ వదినకి చెప్పండి. ఇక్కడ ఇంక రెండు రోజులు. ఆ తర్వాత రోడ్ ఐలండ్‌లో నారగన్సెట్ పోస్టాఫీసు.

వెర్నా

*

ఫిప్స్‌బర్గ్
అక్టోబరు 10

వెర్నాకు,

నీ ఉత్తరంలో చేపలున్నాయి, గాలి ఉంది, పక్షులున్నాయి, ఎవరిదో కుక్క కూడా ఉంది. బల్ల ఎత్తు లేదు. శనివారం మన పెళ్లన్న మాట అసలే లేదు.

నేను మాటకారిని కాను. చెక్క అయితే ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో చేత్తో తడిమి చెప్పగలను. నీ సంగతి అలా తెలియడం లేదు. వస్తున్నావా, రావడం లేదా? రాకపోతే రానని రాయి. తట్టుకుంటాను. తెలియకుండా ఉండటమే తట్టుకోలేకపోతున్నాను. రోజుకి నాలుగుసార్లు రోడ్డు మీదికి వచ్చి నిలబడుతున్నాను, చేస్తున్న పడవ పలకలు అలాగే పడి ఉన్నాయి.

ఎల్‌వుడ్

*

నారగన్సెట్, రోడ్ ఐలండ్
అక్టోబరు 18

ఎల్‌వుడ్ గారికి,

శనివారం దాటిపోయింది. ఆ రోజంతా నేను ఇక్కడి బండరాళ్ల మీద ఉన్నాను. రానని ముందే మీకు రాయాల్సింది. కాగితం తీసుకున్నాను, పెన్ను కదల్లేదు. వస్తానని రాయడానికీ కదల్లేదు. చేతులు చలికి కొంకర్లు పోతున్నాయి, రాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి.

ఎందుకు రాలేదో ఇప్పుడైనా చెప్పాలి. జూలైలో మీ వరండాలో కూర్చుని లాబ్‌స్టర్లు వొలుచుకుని తింటున్నాం. అప్పుడు మీరు, "ఇల్లు మరీ ఖాళీగా ఉంది, వెర్నా. నువ్వొచ్చేస్తే బావుంటుంది" అన్నారు. నేను సరే అన్నాను. అంత తొందరగా ఎలా అన్నానా అని ఇంటికెళ్లాక ఆలోచించాను. ఎవరు ఎక్కడికి రమ్మన్నా సరే అనడమే నాకు అలవాటు. అమ్మ మంచాన పడితే సరే అన్నాను. డ్వైట్ పిల్లల్ని చూడమంటే సరే అన్నాను. ఖాళీ అయిన కుటీరాల్లోకి వెళ్లి, ముందున్నవాళ్ల వెంట్రుకలు ఊడ్చి, వాళ్ల కప్పులు కడిగి, పక్కబట్టలు మార్చడం ముప్ఫై ఏళ్లుగా నా ఉద్యోగం. మీ ఇల్లు కూడా ఖాళీ అయిన ఇల్లే. అందులో నన్ను పెట్టుకుంటానన్నారు. మార్జరీ గౌరవానికి లోపం రాకుండా ఆ ఇల్లు శుభ్రంగా ఉంచగలను, అందులో సందేహం లేదు. అదే నా భయం.

మీరు బల్ల కొత్తగా చేస్తున్నారు. మంచివారు కాబట్టి చేస్తున్నారు. నేను మాత్రం ఆ బల్ల దగ్గర నిలబడి ఉన్నట్టు ఊహించుకుంటే ఊపిరాడటం లేదు. ఇక్కడ అల కాళ్ల కింద ఇసుక లాగేస్తుంటే ఊపిరి ఆడుతోంది. ఇందులో న్యాయం ఎంతో నాకు తెలియదు.

చేపలు ఇక్కణ్ణించి కూడా కదులుతున్నాయి. నేను లాంగ్ ఐలండ్ చివరికి, మాంటాక్ వెళతాను. మీకు రాయాలని లేకపోతే రాయొద్దు.

వెర్నా

*

ఫిప్స్‌బర్గ్
అక్టోబరు 23

వెర్నాకు,

ముందు ఇది చెప్పు. నీ కుడిచేతికి ఏమైంది?

చలికి కొంకర్లు పోయిన రాత నాకు తెలుసు. అక్షరాలు వణుకుతాయి, పక్కకి తిరగవు. నీ అక్షరాలన్నీ ఎడమవైపు పడుకున్నాయి, సిరా మీద నీ అరచెయ్యి రాసుకుంటూ పోయింది. ఆ ఉత్తరం ఎడమచేత్తో రాశావు. దెబ్బ తగిలిందా? ఎవరన్నా చూస్తున్నారా? నువ్వు రావద్దనకపోతే నేనే వస్తాను, వద్దంటే రాను, అది మాత్రం నిజం రాయి.

ఇక నువ్వు రాసినదానికి జవాబు. నువ్వన్నది నిజం. జూలైలో ఇంట్లో గడియారం చప్పుడు భరించలేకపోయాను. నువ్వు ఎదురుగా ఉన్నావు, మంచిదానివి, అడిగేశాను. ఇంకో మంచి మనిషి ఎదురుగా ఉంటే ఆమెని అడిగేవాణ్ణా అని ఈ వారమంతా నన్ను నేను ప్రశ్నించుకున్నాను. జూలైలో అయితే అడిగేవాణ్ణేమో. ఇది చదివి నీకు కష్టంగా ఉంటుంది, అయినా అబద్ధం రాయలేను.

ఇప్పుడు సంగతి వేరు. ఇల్లు ఇప్పుడూ ఖాళీగానే ఉంది, నేను దాన్ని పట్టించుకోవడం లేదు. పొద్దున లేవగానే గాలి ఎటు ఉందో చూస్తున్నాను. ఇన్నేళ్లూ పడవలు చేసి అమ్మినవాణ్ణి, గాలి సంగతి ఎప్పుడూ నాకు పట్టలేదు. వాయవ్యం అయితే నువ్వు ఇంకాస్త దూరం పోయావనుకుంటాను. నువ్వు ఇసకలో పరిగెత్తావని రాసిన ముక్క చాలాసార్లు చదివాను. ఆ మనిషి నాకు తెలియదు. ఆమెని చూడాలని ఉంది.

పెళ్లి ఆగిపోయిందని పాస్టరుకి, ఊళ్లోవాళ్లకి చెప్పేశాను. అందరూ బాగానే అర్థం చేసుకున్నారు. నువ్వు ఆ దిగులు పెట్టుకోకు. వంటింటి పని ఆపేశాను. పలక జారి పెదవి మీద పడింది, రెండు కుట్లు వేశారు, తగ్గిపోతోంది.

ఎల్‌వుడ్

*

మాంటాక్, న్యూయార్క్
నవంబరు 1

ఎల్‌వుడ్,

పలక జారి పెదవి మీద పడిందా? నిన్న ఇక్కడ దుకాణంలోంచి డ్వైట్‌కి ఫోన్ చేశాను. వాడు నా గొంతు వినగానే ఏడ్చినంత పని చేశాడు. "నువ్వేం సిగ్గుపడకు, చెల్లీ. ఆ ఎల్‌వుడ్‌గాడు ఇలాంటివాడని మాకేం తెలుసు. వాడి మూతి పగలగొట్టి వచ్చాను" అన్నాడు.

ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ అడిగితే మొత్తం చెప్పాడు. పెళ్లి వద్దనుకున్నది నువ్వేనని పాస్టరుతో చెప్పావట. సెప్టెంబరులోనే మనసు మార్చుకుని నాతో చెప్పేశావట, ఆ బాధతోనే నేను ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నానట. పాపం వెర్నా అని ఊరంతా కన్నీళ్లు పెట్టుకుంటోందట. ఇనేజ్ వదిన నిన్ను చూస్తే రోడ్డు అవతలికి దాటుతోందట. చర్చి భోజనాల్లో నీ బల్ల దగ్గర ఎవరూ కూర్చోకపోతే నువ్వు వెళ్లడమే మానేశావట. దీన్నా నువ్వు అందరూ బాగానే అర్థం చేసుకున్నారని రాసింది?

ఎవరు చెయ్యమన్నారు నిన్ను? నాకు ఎంత కోపం వచ్చిందంటే, అక్కణ్ణించి దీపస్తంభం దాకా నడిచాను, గాలికి మనిషి నిలబడలేని రోజు. తలదించుకోకుండా ఇంటికి రావడానికి నాకు దారి ఉంచాలనుకున్నావు. వస్తానో రానో కూడా తెలియకుండానే. నన్ను అడగకుండానే. ఇంత పని చేసి, పైగా పలక మీద నేరం మోపావు.

సరే, నేనూ ఒకటి దాచాను. నారగన్సెట్‌లో, శనివారం రోజున, నాచు పట్టిన బండ మీద నిలబడి ఉన్నాను. గాలానికి పెద్ద చేప పడింది. దారం చెయ్యి కాలేలా జారిపోతోంది. వెనక వస్తున్న అల చూసుకోలేదు. కొట్టి రెండు రాళ్ల మధ్య పడేసింది, రబ్బరు ప్యాంటులోకి నీళ్లు నిండిపోయాయి. పక్క బండ మీద ఆబీలియో అని పోర్చుగీసు ముసలాయన, తాపీపని చేసేవాడట, వచ్చి నా మెడపట్టీ దొరకబుచ్చుకున్నాడు. నేను అప్పుడు కూడా కర్ర వదల్లేదు. ఆయన నా చెవిలో అరిచాడు, "చేప రేపు కూడా వస్తుందమ్మా. నువ్వు రేపు రావాలంటే ముందు ఆ కర్ర వదులు." వదిలాను. కర్ర పోయింది, చేప పోయింది, మణికట్టు విరిగింది.

నీళ్లలో ఉన్నప్పుడు నువ్వు గుర్తొచ్చావని రాస్తే బావుంటుంది. రాలేదు. ఎవరూ గుర్తు రాలేదు. తర్వాత ఆసుపత్రి బల్ల మీద పడుకోబెట్టి, ఎవరికి కబురు చెయ్యాలని అడిగారు. ఆలోచించకుండా నీ పేరు చెప్పాను. ఫోన్ నంబరు చెప్పమంటే వద్దన్నాను. అక్కణ్ణించి బయటికొచ్చి, ఒంటిచేత్తో బండి నడుపుకుంటూ, పడవెక్కి ఇక్కడిదాకా వచ్చాను. కర్ర లేదు, చెయ్యి లేదు, అయినా వాటి వెనకాలే.

ఇక్కడ భూమి అయిపోయింది. దీపస్తంభం కింద రాళ్ల మీద కూర్చుంటే చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డుకి దగ్గరగా పోతుంటాయి. రెండు రోజులు చూశాను. పట్టేవాళ్లు పట్టుకుంటున్నారు. నాకు అసూయ కలగలేదు. అవి వెచ్చటి నీళ్ల కోసం పోతున్నాయి, ఎక్కడికి పోతున్నాయో వాటికి తెలుసు. నాకే తెలియదని ఇక్కడ కూర్చున్నాక తెలిసింది.

నేను వస్తున్నాను. చేతికట్టు చూసి ఎవరూ జాలిపడకుండా పొడుగు చేతుల కోటు వేసుకుంటాను. పదకొండో తేదీ శనివారం చర్చి భోజనాలకి నువ్వు రావాలి. ఎవరు పక్కన కూర్చున్నా, కూర్చోకపోయినా, వచ్చి నీ బల్ల దగ్గర కూర్చో. నేను వచ్చేలోపు డ్వైట్‌తో ఒక్క మాట కూడా చెప్పకు.

వెర్నా

*

ఫిప్స్‌బర్గ్
నవంబరు 13

వెర్నాకు,

అదే ఊళ్లో ఉన్న మనిషికి ఉత్తరం రాస్తున్నానని పోస్టాఫీసులో నవ్వారు. నీ ఎదురుగా కూర్చుంటే నాకు మాట రాదు, కాగితం మీద కాస్త వస్తుందని ఈ రెండు నెలల్లో తెలిసింది.

శనివారం నేను ముందే వచ్చాను. పళ్లెంలో బీన్స్, బ్రౌన్ బ్రెడ్ పెట్టించుకుని చివర బల్ల దగ్గర ఒక్కణ్ణే కూర్చున్నాను. నువ్వు లోపలికి వచ్చినప్పుడు ఆడవాళ్లందరూ లేచి నీ చుట్టూ మూగారు. ఇనేజ్ నిన్ను పట్టుకుని ఏడ్చింది. నువ్వు ఆమె చేతులు నెమ్మదిగా విడిపించుకుని నిలబడ్డావు. అప్పటిదాకా నువ్వు నలుగురిలో మాట్లాడగా నేను వినలేదు. "ఎల్‌వుడ్ నన్ను వద్దనలేదు. నేనే పారిపోయాను. ఇతను అబద్ధమాడాడు, నా కోసం. మీరు ఇతనితో మాట్లాడటం మానేశారట. మళ్లీ మొదలుపెట్టండి" అన్నావు. గొంతు పెంచలేదు. అందరి చూపులూ ఈసారి నీ మీదికి తిరిగాయి, జాలి పోయిన చూపులు. నువ్వు వాటి మధ్యలోంచి నడిచొచ్చి నా పక్కన కూర్చున్నావు. ఎడమచేత్తో తింటుంటే బీన్స్ జారి ఒళ్లో పడ్డాయి. నేను చూడనట్టు ఉన్నాను.

నువ్వెళ్లాక డ్వైట్ బయట నా బండి దగ్గర నిలబడి ఉన్నాడు. టైరుని కాలితో తట్టి, "కొట్టినప్పుడన్నా చెప్పొచ్చు కదయ్యా" అన్నాడు. "చెబితే నువ్వు కొట్టడం ఆపేవాడివి, అప్పుడు ఊళ్లో ఎవరికీ నమ్మకం కుదిరేది కాదు" అన్నాను. వాడికి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది, కుట్లు వేసినచోట పెదవి లాగింది.

నేను ఇప్పుడు ఏమీ అడగను. జూలైలో అడిగినది వెనక్కి తీసుకుంటున్నాను, అది నిన్ను అడిగింది కాదు. నువ్వు ఇక్కడున్నా, వచ్చే ఏడు మళ్లీ పోయినా, ఉత్తరాలు రాస్తే చదువుతాను. నాకు కావలసింది ఆ ఇసకలో పరిగెత్తిన మనిషి. ఆమె ఒకచోట నిలవదని తెలిసే ఈ మాట రాస్తున్నాను. ఆమెకి నేను అక్కర్లేదంటే అదీ అర్థమవుతుంది.

ఎల్‌వుడ్

*

ఫిప్స్‌బర్గ్
నవంబరు 15

ఎల్‌వుడ్,

ఇవాళ పొద్దున గాలి వాయవ్యానికి తిరిగింది. కెన్నెబెక్‌లో ఒక్క చేప లేదు, అయినా కాళ్లు గుమ్మం దాకా వెళ్లాయి. ఇది తగ్గే జబ్బు కాదని నీకు ముందే తెలియాలి. ప్రతి సెప్టెంబరులోనూ పోతాను. నువ్వు వస్తే పక్కసీటు ఉంది. రాకపోతే ఉత్తరం రాస్తాను, నిజమే రాస్తాను. చలికాలం అంతా ఇంట్లో ఉంటాను. ఏ ఇంట్లో అన్నది ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. నీ ఇంట్లోనే అయితే ముందు గోడల రంగు మార్చాలి, ఆ పని నేనే చేస్తాను, ఎడమచేత్తో అయినా సరే.

నువ్వు అడగనన్నావు. అందుకని నేనే అడుగుతున్నాను, నన్ను చేసుకుంటావా? చేసుకుంటానంటే పాస్టరుకి డిసెంబరులో ఏదో ఒక రోజు చెప్పు. అప్పటికి ఈ తీరంలో ఎక్కడా చేపలుండవు.

వెర్నా